గుంటూరులో రాత్రిపూట తెరిచి ఉండే కుక్కల ఆసుపత్రి: ఎలుకల మందు తిన్న మా బంగారికి నెల రోజుల వైద్యం

తెనాలిలో మాది కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనుక ఇల్లు, రెండింటి మధ్య బియ్యం బస్తాలు వేసుకునే చీకటి గది. ఆ గదిలో ఎలుకలు బస్తాలు కొరికేస్తున్నాయని ఒక సాయంత్రం నాలుగు మందు బిళ్ళలు గోడవారగా, బస్తాల వెనుక పెట్టాను. బంగారి ఆ గదిలోకి ఎప్పుడూ పోదు. ఆ రోజు తలుపు సరిగా వేయలేదు. వేయవలసింది నేనే.

బంగారి మామూలు నాటు కుక్క. అయిదేళ్ళ కిందట వానలో తడుస్తూ మా అరుగు కిందకి వచ్చింది, ఇక పోలేదు. రాత్రి తొమ్మిదింటికి కొట్టు కట్టేస్తుంటే బస్తాల గదిలోంచి మూతి నాక్కుంటూ వచ్చింది. మూతికి పచ్చటి పొడి అంటి ఉంది. లోపలికి వెళ్ళి చూస్తే ఒక బిళ్ళ మొత్తంగా, ఇంకొకదాని ముక్క మాత్రమే మిగిలి ఉన్నాయి. ఎనిమిదిన్నరకు ఆ గదిలోంచి పంచదార తెచ్చినప్పుడు నాలుగూ ఉన్నాయి. అంటే తిని అరగంట లోపే.

ఆ సమయానికి అది ఎలా ఉందో చెప్పాలి, ఎందుకంటే ఈ ఆసుపత్రి గురించి నేను చెప్పదలచుకున్నది అక్కడే మొదలవుతుంది. తోక ఊపుతోంది. నీళ్ళు తాగింది. నా మనవడి చెప్పు నోట కరుచుకుని వాకిట్లో తిరుగుతోంది. ఏ జబ్బూ లేని కుక్క ఎలా ఉంటుందో అలాగే ఉంది.

మా అమ్మ "ఒరేయ్, చింతపండు రసం పట్టరా, కక్కేస్తుంది" అంది. ఎదురింటాయన గ్లాసుడు ఉప్పునీళ్ళు పోయమన్నాడు. మా ఆవిడ పెరుగన్నం కలపబోయింది, విషాన్ని విరిచేస్తుందని. నాకు తెలిసిన ఒక పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, "కుక్క బాగానే ఉందిగా, పొద్దున తీసుకురండి" అని పెట్టేశారు. ఆయన మంచివారే. కానీ ఆ మాట విని నేను పొద్దుటి దాకా ఆగి ఉంటే, కడుపులోని మందును కక్కించే వేళ దాటిపోయి ఉండేది. వాంతి చేయించడం వల్ల నిజంగా ఉపయోగం ఉండేది తిన్న తరువాత మొదటి రెండు గంటల్లోనే అని ఆ రాత్రే నాకు తెలిసింది.

మా అబ్బాయి ఫోనులో వెతికి గుంటూరులోని ఈ ఆసుపత్రి నంబరు పట్టుకున్నాడు. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి ఎత్తారు. మాట్లాడింది డాక్టరు కాదు, రాత్రి విధుల్లో ఉన్న కుర్రవాడు. అతను అడిగిన ప్రశ్నలు అడిగిన వరుసలోనే రాస్తున్నాను. "కుక్క స్పృహలో ఉందా? వణుకు, ఫిట్స్ ఉన్నాయా? తిన్నది నల్లటి పొడా, బిళ్ళా? పాకెట్టు మీద మందు పేరు చదవండి సార్. ఎంత తిన్నది? ఎప్పుడు? బరువెంత?"

నల్ల పొడా అని ఎందుకు అడిగాడో తరువాత అడిగి తెలుసుకున్నాను. అది జింక్ ఫాస్ఫైడ్. పొలాల్లో, గోదాముల్లో ఎలుకలకు నూకల్లో కలిపి పెట్టేది. అది కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును పుట్టిస్తుంది. అన్నమో పాలో పెడితే కడుపులో ఆమ్లం ఇంకా ఊరుతుంది, వాయువు ఇంకా పెరుగుతుంది. అటువంటి కుక్క కారులోనో గదిలోనో వాంతి చేసుకుంటే ఆ గాలి పీల్చిన మనుషులకూ ప్రమాదమే, అందుకని కిటికీలు తెరిచి తీసుకురమ్మంటారట. మా ఆవిడ కలిపిన పెరుగన్నం అప్పటికి గిన్నెలో సిద్ధంగా ఉంది. అతను "ఏమీ పెట్టకండి, ఏమీ తాగించకండి, ఉప్పునీళ్ళు అసలు వద్దు" అన్నాడు. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి కుక్కకు మూర్ఛలు వస్తాయట, విషం చేయని హాని ఉప్పు చేస్తుంది. బలవంతంగా పోసిన రసం ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పు మరొకటి.

పాకెట్టు మీద బ్రోమాడయోలోన్, 0.005 శాతం అని ఉంది. ఎంత తిన్నదో, బరువెంతో చెప్పడం నాకు కష్టం కాలేదు. ముప్పయ్యేళ్ళుగా తూకం వేస్తున్న చేతులివి. బిళ్ళ ఒకటి 16 గ్రాములు, నాలుగు కలిపి 64. మిగిలినవి చిన్న తక్కెడలో వేస్తే 18. తిన్నది 46 గ్రాములు. బంగారిని ఎత్తుకుని బస్తాలు తూచే కాటా మీద నిలబడ్డాను, తరువాత నేనొక్కడినే నిలబడ్డాను, తేడా 14 కిలోల 200 గ్రాములు. అంతా ఫోనులోనే చెప్పాను. అవతల కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "మిగిలిన ముక్క, ఖాళీ పాకెట్టు రెండూ కవర్లో వేసి తీసుకురండి సార్, డాక్టరుగారికి చెబుతున్నాను" అన్నాడు. ఫోను మీద జరిగిన ఈ మూడు నాలుగు నిమిషాలకే నేను ఈ ఆసుపత్రికి సగం మార్కులు వేస్తాను.

మా అబ్బాయి కారు తీశాడు. నారాకోడూరు మీదుగా గుంటూరు చేరేసరికి పది దాటింది. ఇక్కడ ఒక లోపం చెప్పాలి. ఆసుపత్రి బోర్డుకు రాత్రిపూట లైటు లేదు. సందు మలుపు దాటి ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చాం. ప్రాణం కోసం పరుగెత్తి వచ్చేవారికి ఒక బల్బు చాలా పెద్ద సాయం. ఈ మాట వారికి ముఖం మీదే చెప్పాను.

లోపల ఉన్నది ఒక యువ డాక్టరమ్మ. మేము వచ్చేసరికి కాగితం మీద లెక్క కట్టి ఉంచారు. ఇటువంటి బిళ్ళలు 100 గ్రాములుంటే అందులో అసలు మందు 5 మిల్లీగ్రాములు. 46 గ్రాముల్లో 2.3. బంగారి బరువుతో భాగిస్తే కిలోకు దాదాపు 0.16 మిల్లీగ్రాములు. "ఈ మోతాదుకు ప్రతి కుక్కా చనిపోతుందని చెప్పను బాబాయిగారూ. కానీ వైద్యం చేయవలసిన మోతాదు కంటే ఇది చాలా ఎక్కువ. ఏ కుక్క తట్టుకుంటుందో ముందుగా ఎవరికీ తెలియదు, తెలిసే వేళకు ఆలస్యమవుతుంది" అన్నారు. భయపెట్టలేదు, తేలిక చేయలేదు. ఆ మాటలోని నిజాయితీ నాకు ఎంతో నచ్చింది.

వాంతి చేయించే ఇంజెక్షన్ ఇచ్చిన కొద్ది నిమిషాలకే బంగారి మూడుసార్లు కక్కింది. పచ్చటి ముక్కలు, పొడి, మధ్యాహ్నం తిన్న అన్నం. కాంపౌండర్ ఆ ముక్కలను కర్రతో కదిపి చూసి, మేము తెచ్చిన ముక్క పక్కన పెట్టి, చాలావరకు వచ్చిందన్నాడు. తరువాత బొగ్గు మందు పట్టారు. ఇది పొయ్యిలో బొగ్గు కాదు, మందుల తయారీకి ప్రత్యేకంగా సిద్ధం చేసిన యాక్టివేటెడ్ చార్‌కోల్. కడుపులో మిగిలిన విషాన్ని తనకు అంటించుకుని బయటికి తీసుకుపోతుంది. మరునాడు మలం నల్లగా వస్తుంది, కంగారు పడకండి, కానీ మూడో రోజు తరువాత కూడా నల్లగా తారులా వస్తే వెంటనే ఫోన్ చేయండి, అప్పుడది బొగ్గు కాదు, రక్తం అని చెప్పారు. ఆ తేడా ముందే చెప్పకపోతే రెండు రోజులూ మేము నిద్రపోయేవాళ్ళం కాదు.

వాంతి చేయించడం అన్నిటికీ పనికిరాదని కూడా ఆవిడే చెప్పారు. ఫినాయిలో, మరుగుదొడ్డి కడిగే యాసిడో, కిరోసినో తాగిన కుక్కకు వాంతి చేయిస్తే గొంతు రెండోసారి కాలుతుంది, లేదా అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మగతగా ఉన్న కుక్కకు, ఫిట్స్ వస్తున్న కుక్కకు కూడా చేయించకూడదు. ఏం తిన్నదో తెలియకుండా ఇంట్లో ఎవరూ ఆ పని మొదలుపెట్టకూడదన్నది ఆవిడ గట్టిగా చెప్పిన మాట.

మా పని మధ్యలో ఉండగానే ఒక రైతు, ఆయన కొడుకు కలిసి గోనెసంచిలో ఒక కుక్కను మోసుకొచ్చారు. మిరప చేలో కాపలా ఉండే కుక్కట. దాన్ని చూశాక మా బంగారి ఎంత అదృష్టవంతురాలో నాకు అర్థమైంది. నోటి నుంచి జొల్లు తాడులా కారుతోంది. కళ్ళ నుంచి నీళ్ళు. పడుకున్న చోటే మూత్రం, విరేచనం. ఒళ్ళంతా చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు కండరాలు అదురుతున్నాయి. డాక్టరమ్మ టార్చి వేసి కంట్లోకి చూశారు. నేనూ చూశాను. గది మసకగా ఉన్నా కంటిపాప గుండుసూది మొనంత ఉంది. "ఏం కొట్టారు చేలో?" అని అడిగితే రైతు చొక్కా జేబులోంచి పురుగుమందు సీసా మూత తీశాడు. సీసా తేలేదు, మూత తెచ్చాడు. అప్పుడు ఆవిడ ఆయనను గోడ దగ్గరికి తీసుకువెళ్ళారు.

ఆ గోడ గురించి రాయకపోతే ఈ సమీక్ష అసంపూర్ణం. ఒక పెద్ద అట్ట మీద ఖాళీ పాకెట్లు, సీసాల లేబుళ్ళు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి అతికించి ఉన్నాయి. ఎలుకల మందులు, పురుగుమందులు, గుళికలు, గోమార్ల మందు, ఇంట్లో వాడే బొద్దింకల సుద్ద. ఒక్కోదాని కింద అసలు మందు పేరు, విరుగుడు చేత్తో రాసి ఉన్నాయి. పేరు చెప్పలేనివారు చూపించవచ్చు. రైతు ఒక లేబుల్ మీద వేలు పెట్టాడు. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందు. వెంటనే దాని విరుగుడు అట్రోపిన్ ఎక్కించడం మొదలుపెట్టారు. కాంపౌండర్ చేతులకు తొడుగులు వేసుకుని, దాని ఒంటి మీద పడిన మందును సబ్బునీళ్ళతో కడిగాడు, లేకపోతే చర్మం నుంచి ఇంకా లోపలికి పోతూనే ఉంటుందట. ఆ రైతు తన చేతులు కూడా కడుక్కునేదాకా కాంపౌండర్ ఒప్పుకోలేదు.

ఆ ఇరవై నిమిషాలూ మమ్మల్ని పక్కన పెట్టారు. రాత్రి ఒక్క డాక్టరే ఉండటం ఈ ఆసుపత్రికి ఉన్న రెండో లోపం. కానీ ఎవరిని ముందు చూడాలన్న విషయంలో ఆవిడ చేసింది సరైన పని. ఆ కుక్కకు నిమిషాలే ఉన్నాయి, మాకు రోజులున్నాయి. మేము బయలుదేరేసరికి జొల్లు తగ్గి, తల ఎత్తి రైతు వంక చూస్తోంది.

తిరిగి వచ్చి బంగారి విషయం కూర్చోబెట్టి చెప్పారు. నాది కిరాణా కొట్టని విని నా భాషలోనే చెప్పారు. "రక్తం గడ్డకట్టడానికి కావలసిన సరుకు కాలేయంలో తయారవుతుంది. దానికి విటమిన్ కె కావాలి. ఈ మందు ఆ విటమిన్‌ను మళ్ళీ మళ్ళీ వాడుకునే దారిని మూసేస్తుంది. మీ కొట్టుకు లోడు రావడం ఆగిపోయినట్టు. కొట్లో ఉన్న సరుకు అయిపోయేదాకా ఎవరికీ ఏమీ తెలియదు. రెండు మూడు రోజులకో, అయిదు రోజులకో అరలు ఖాళీ అవుతాయి. అప్పుడు ఎక్కడ చిన్న దెబ్బ తగిలినా, తగలకపోయినా, లోపల రక్తం కారుతుంది." అందుకే మొదటి రోజు కుక్క చెప్పు పట్టుకుని ఆడుతుంది. అందుకే "బాగానే ఉందిగా" అన్న మాట ఈ మందు విషయంలో ఎంతో ప్రమాదకరమైన మాట.

విరుగుడు విటమిన్ కె1. బొగ్గు ఈ విటమిన్‌ను కూడా పీల్చేసుకుంటుంది కాబట్టి మొదటి మోతాదు చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇచ్చారు. మరునాటి నుంచి 10 మిల్లీగ్రాముల మాత్రలు, ఉదయం రెండు, రాత్రి రెండు, 28 రోజులు. నెయ్యి కలిపిన అన్నంతోనో, గుడ్డుతోనో ఇవ్వాలి, కొవ్వు ఉంటేనే అది ఒంటికి పడుతుంది. ఇది బంగారి బరువుకు, తిన్న మందుకు ఆవిడ రాసిన లెక్క. ఎవరి కుక్కకు వారి డాక్టరు రాయాలి. నాలుగు వారాలు ఎందుకంటే ఈ తరహా ఎలుకల మందు కాలేయంలో వారాల తరబడి ఉండిపోతుంది. పది రోజులకు బాగుందని మానేసిన కుక్కలు పదిహేనో రోజున రక్తం కక్కుకుని వచ్చిన సందర్భాలు తాను చూశానన్నారు.

ఆ రాత్రి బిల్లు 3,350 రూపాయలు. చీటీ మీద మొత్తం మాత్రమే రాసి ఉంటే విడివిడిగా రాసివ్వమని అడిగాను, వెంటనే రాసిచ్చారు. అడగకుండానే ఇవ్వాలి. జాగ్రత్తల కాగితం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. మా అబ్బాయి చదివి చెప్పాడు కానీ, ఆ రైతు ఇంట్లో ఎవరు చదువుతారు? తెలుగులో అచ్చు వేయించమని కోరాను.

ఇక ఇంటికి వచ్చాక జరిగింది. వైద్యం అంటే సాధారణంగా ఆ రాత్రితో అయిపోయిందనుకుంటాం. ఇక్కడ ఆ రాత్రి నుంచి మొదలైంది. మూడో రోజు, అయిదో రోజు వాళ్ళే ఫోన్ చేశారు. చిగుళ్ళు చూడమన్నారు. పై పెదవి ఎత్తి, చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు గులాబీ రంగుకు రావాలి. పాలిపోయి ఉంటే, దగ్గు, ఆయాసం వస్తే, కుంటితే, పొట్ట మీద నల్లమచ్చ కనిపిస్తే ఏ వేళైనా రమ్మన్నారు. ఊపిరితిత్తుల చుట్టూ రక్తం చేరితే మొదట కనబడేది ఆయాసమేనట, రక్తం బయటికి కనబడనే కనబడదు. ఎముకలు పెట్టవద్దు, పరుగెత్తనివ్వవద్దు, వీధి కుక్కలతో కొట్లాటకు పోనివ్వవద్దు అన్నారు. అయిదేళ్ళుగా మెడకు తాడు ఎరగని కుక్కకు నెల రోజులు తాడు కట్టాం. రోజూ ఉదయం కొట్టు తెరవకముందు దాని పెదవి ఎత్తి చూడటం నాకు అలవాటైంది.

అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఆరో రోజున. ఆసుపత్రిలో ఇచ్చినవి ఏడు రోజుల మాత్రలు. మిగిలినవి తెనాలిలో కొందామని ఒక మందుల దుకాణంలో చీటీ చూపిస్తే, "విటమిన్ కె మాత్రలే కదా" అని వేరే స్ట్రిప్పు ఇచ్చారు. చూడటానికి అంతా సరిగానే ఉంది. ఏ మాత్రలు కొన్నా స్ట్రిప్పు ఫోటో పంపమని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పి ఉన్నారు కాబట్టి పంపాను. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "అది వేయకండి. అది మెనాడయోన్, అంటే కె3. మనకు కావలసింది ఫైటోమెనాడయోన్, కె1. పేరు చివర ఒకటే, పని ఒకటి కాదు. ఈ విషానికి కె3 పనిచేయదు." ఆ స్ట్రిప్పు వేసుకుంటూ పోయి ఉంటే మేము రోజూ క్రమం తప్పకుండా మందు ఇస్తున్నామనే అనుకునేవాళ్ళం, కుక్క మాత్రం విరుగుడు లేకుండా ఉండేది. వాళ్ళే మిగిలిన మాత్రలు ఆర్టీసీ పార్శిల్‌లో తెనాలికి పంపారు. మరునాడు బస్టాండుకు వెళ్ళి తెచ్చుకున్నాను. ఒక్క పూట కూడా మోతాదు తప్పలేదు.

మాత్రలు, పరీక్షలు, పార్శిలు కలిపి నెలకు తొమ్మిది వేల దాకా అయ్యింది. మాలాంటివారికి చిన్న మొత్తం కాదు. అయినా ఒక్క రూపాయి అనవసరంగా రాయించారని నాకు అనిపించలేదు. స్కానింగు చేయిద్దామా అని నేనే అడిగితే, ఇప్పుడు అవసరం లేదని వద్దన్నారు.

కూర్చునే చోటు విషయంలో మాత్రం మార్పు కావాలి. పిల్లులు, కుక్కలు ఒకే బల్ల దగ్గర. చివరిసారి వెళ్ళినప్పుడు ఒక పిల్లి బుట్టలోనే అరుస్తూ ఉంటే బంగారి తాడు తెంపుకోబోయింది. రక్తం కారే ప్రమాదం ఉన్న కుక్కలు వచ్చే చోట అది మంచిది కాదు.

చివరిసారి వెళ్ళింది ఆఖరి మాత్ర వేసిన 48 గంటలకు. మాత్ర వేస్తున్నంతకాలం రక్తం సరిగానే గడ్డకడుతుంది, విషం పోయిందో లేదో ఆపిన రెండు రోజులకే తెలుస్తుంది. ముంజేతి నుంచి కొద్దిగా రక్తం తీసి, గడ్డకట్టే సమయం చూశారు. అరగంట కూర్చున్నాం. నేను ఆ గోడ వైపే చూస్తూ ఉన్నాను. అట్ట మీద రెండో వరుస చివర, నెల కిందట లేని పాకెట్టు ఒకటి ఉంది. మూలన నా కత్తెర గాటు. ఆ రాత్రి డాక్టరమ్మ అడిగి ఉంచుకున్న మా పాకెట్టే. కింద నీలం సిరాతో రాసి ఉంది: బ్రోమాడయోలోన్, కె1, నాలుగు వారాలు, కుక్క బాగున్నా ఆపవద్దు.

లోపలి నుంచి కాంపౌండర్ వచ్చి, రిపోర్టు మామూలుగా ఉంది, తాడు విప్పుకోవచ్చన్నాడు.